గుట్ట మీది ఎడారి: ఇందూరు, బోధన్ పరిసరాల్లో జలాభావ మొక్కల పరిశీలన

ఎడారి మొక్కల పాఠం చదివిన తరువాత మీలో చాలామందికి ఒక సందేహం కలుగుతుంది. రోజూ కళాశాలకు వెళ్లే విద్యార్థులను అధ్యాపకులు ఏడాదికి ఒకసారైనా విజ్ఞానయాత్రకు తీసుకుపోతారు. మీరేమో దుకాణంలోనో, ఆఫీసులోనో, పొలంలోనో పనిచేసుకుంటూ, వీలైన ఆదివారం అధ్యయన కేంద్రానికి వచ్చేవారు. మీకు ఎడారి ఎవరు చూపించాలి? జైసల్మేర్ వెళ్లి రావాలంటే సెలవు దొరకదు, ఖర్చూ తక్కువ కాదు. అందుకే చాలామంది పుస్తకంలోని బొమ్మ చూసి నాగజెముడు గీసి, పక్కన భాగాల పేర్లు రాసి, రికార్డు పూర్తయిందనిపిస్తారు.

అంత దూరం పోనక్కరలేదు. మీరు నిజామాబాద్‌లో గాని, బోధన్‌లో గాని, ఆర్మూర్‌లో గాని ఉంటే ఇంటిల్లిపాదీ కలిసి ఒక్క ఆదివారం తిరిగి వస్తే చాలు. ఈ పాఠంలో చెప్పిన అనుకూలనాల్లో దాదాపు అన్నిటినీ కళ్లతో చూడవచ్చు. ఒకే రోజున నీళ్లు నిండుగా ఉన్న చెరకు పొలాన్నీ, చుక్క నీరు నిలవని రాతిగుట్టనూ చూడగల వెసులుబాటు ఈ ప్రాంతానికి ఉంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే జలాభావం అనే మాట అర్థమవుతుంది.

ఎడారి అంటే ఎక్కడ?

సాధారణంగా ఏడాదికి 250 మిల్లీమీటర్ల కంటే తక్కువ వాన పడే ప్రాంతాన్ని ఎడారి అంటారు. జైసల్మేర్ వైపు థార్ ఎడారిలో 200 మిల్లీమీటర్లు పడితే గొప్ప. నిజామాబాద్ జిల్లాలో సాధారణ వర్షపాతం దాదాపు 1,000 మిల్లీమీటర్లు. ఈ లెక్కన మనది ఎడారి కానే కాదు.

అయితే మొక్కకు వాతావరణ శాఖ లెక్కలు తెలియవు. దాని వేరుకు ఎంత నీరు అందింది, ఎన్నాళ్లు అందింది అన్నదే దానికి ముఖ్యం. మన వానలో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబర్ వరకు నాలుగు నెలల్లోనే పడిపోతుంది. మిగతా ఎనిమిది నెలలూ దాదాపు పొడిగానే గడుస్తాయి. మే నెలలో ఎండ 45 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. పైగా రాతిగుట్ట మీద పడిన వాన అక్కడ ఆగదు. పడిన కొద్దిసేపటికే జారి కిందికి పోతుంది. కాబట్టి 1,000 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలోనే 200 మిల్లీమీటర్లు పడే చోటులాగా బతకవలసిన స్థలాలు ఉన్నాయి. నేలలో నీరు నిజంగానే లేకపోవడాన్ని భౌతిక జలాభావం అంటారు. నీరు ఉన్నా, అందులో లవణాలు ఎక్కువై వేరు పీల్చుకోలేకపోతే అది శరీరధర్మ జలాభావం. మొదటిదానికి ఉదాహరణ గుట్ట. కాలువ నీరు ఎక్కువై, మురుగు పోయే దారి లేక చౌడుబారిన నల్లరేగడి మడి రెండోదానికి ఉదాహరణ. చౌడు మడి పక్కన నిలబడ్డప్పుడు కాళ్ల కింద తడి ఉంటుంది, కళ్లముందు పైరు మాత్రం ఎండుముఖం వేసి ఉంటుంది. పరీక్షలో ఈ రెంటికీ తేడా అడిగితే ఈ దృశ్యాన్ని గుర్తు తెచ్చుకోండి.

బయలుదేరే ముందు

వీలైతే రెండుసార్లు వెళ్లండి. ఒకసారి వానలు బాగా పడ్డాక ఆగస్టులో, ఇంకోసారి ఫిబ్రవరి చివర లేదా మార్చి మొదట్లో. ఒకే గుట్ట రెండు వేర్వేరు గుట్టల్లా కనిపిస్తుంది. మే నెలలో మాత్రం పిల్లలను, పెద్దవాళ్లను తీసుకుని రాళ్లెక్కే పని పెట్టుకోవద్దు. తెల్లవారి ఆరింటికల్లా గుట్ట దగ్గర ఉండి, పదింటికి దిగిపోవాలి.

నోటు పుస్తకం, పెన్సిలు, భూతద్దం, స్కేలు, పి.హెచ్. కాగితం, తాగేందుకు సరిపోయినన్ని నీళ్లు పెట్టుకోండి. ఫోన్‌లో ఫోటో తీసినా, ఆకు వెడల్పు, ముల్లు పొడవు స్కేలుతో కొలిచి రాయండి. ఫోటోలో పరిమాణం తెలియదు. మొక్కలను పీకవద్దు. రాతి పగులులో ఒక మొక్క నిలదొక్కుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో మనం లెక్కగట్టలేం, పీకడానికి మాత్రం అర నిమిషం చాలు. గుట్టల మీద గుళ్లుంటాయి కాబట్టి అక్కడి పద్ధతులు పాటించండి.

ఇంట్లో నాయనమ్మగాని, అమ్మమ్మగాని నడవగలిగితే తప్పకుండా వెంట తీసుకుపోండి. పాఠ్యపుస్తకంలో లేని పేర్లు, వాడకాలు వాళ్ల దగ్గర దొరుకుతాయి. ఆ పేర్లు చెప్పినవి చెప్పినట్టే రాసుకోండి. నాగజెముడు, బ్రహ్మజెముడు, బొమ్మజెముడు అన్న పేర్లు ఒక్కో ఊళ్లో ఒక్కో మొక్కకు వాడతారు. ఒకరిది తప్పు, ఒకరిది ఒప్పు అని వాదించి లాభం లేదు. శాస్త్రీయనామం అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే.

ఒక హెచ్చరిక. జిల్లేడు మొగ్గలను నొక్కి టప్పుమనిపించడం పిల్లలకు సరదా. జిల్లేడు పాలు గాని, జెముడు పాలు గాని కంట్లో పడితే నల్లగుడ్డు పొర దెబ్బతింటుంది. చేతికంటినా సబ్బుతో కడిగేదాకా కళ్లు తుడుచుకోనివ్వవద్దు. పొరపాటున కంట్లో పడితే కనీసం పదిహేను నిమిషాలు శుభ్రమైన నీటితో కడుగుతూ ఉండి, వెంటనే కంటి వైద్యుని దగ్గరకు పోవాలి. గన్నేరు చెట్టులో ప్రతి భాగమూ విషమే. ఏ ఆకునూ రుచి చూడవద్దు.

మొదట చెరకు తోట

ఎడారి మొక్కలు చూడ్డానికి బయలుదేరి చెరకు దగ్గర ఆగమనడం వింతగా ఉండవచ్చు. కారణం ముందు ముందు తెలుస్తుంది. బోధన్ వైపు ఇప్పుడు వరి పొలాలే ఎక్కువ కనిపిస్తాయి. అయినా వెతికితే చెరకు మడి దొరక్కపోదు.

మంజీర నదిపై నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయింది. ఆ కాలువ నీళ్లు వచ్చాకే ఈ ప్రాంతంలో చెరకు విస్తరించింది. 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ ఆ కర్మాగారం 2015 చివరలో మూతపడింది. దాని మీద ఆధారపడ్డ కుటుంబాలు మీ బంధువుల్లోనే ఉండవచ్చు. ఆ కథను ఇక్కడ విస్తరించడం లేదు. వృక్షశాస్త్రం వైపు నుంచి ఒక్క ప్రశ్న మాత్రం వేసుకుందాం: చెరకుకు కాలువ ఎందుకు అవసరమైంది?

చెరకు పొలంలో పది పన్నెండు నెలలు నిలబడే పంట. ఆ కాలమంతటికీ దానికి సుమారు 1,500 నుంచి 2,500 మిల్లీమీటర్ల నీరు కావాలి. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరు నిలబెట్టాలంటే సుమారు 4,047 లీటర్లు పడుతుంది. తక్కువలో తక్కువ 1,500 మిల్లీమీటర్లే అనుకున్నా ఎకరానికి దాదాపు 60 లక్షల లీటర్లు. మన వాన 1,000 మిల్లీమీటర్లు, అదీ నాలుగు నెలల్లో. లోటు పూడ్చింది మంజీర నీరే. నిజాంసాగర్ లేనిదే శక్కర్‌నగర్ లేదు.

ఇప్పుడు పుస్తకంలో ఇంకో వాక్యం చదవండి. చెరకు సి4 మొక్క, నీటిని పొదుపుగా వాడుతుంది అని ఉంటుంది. ఎకరానికి 60 లక్షల లీటర్లు తాగే మొక్క పొదుపరి ఎలా అయింది? ప్రతి ఏటా జవాబు పత్రాల్లో ఎక్కువమంది తడబడేది ఇక్కడే కనుక కాస్త నిదానంగా చూద్దాం.

మొక్క కార్బన్ డై ఆక్సైడ్ తీసుకోవాలంటే పత్రరంధ్రం తెరవాలి. తెరిస్తే లోపలి తేమ బయటికి పోతుంది. ఈ బేరం తప్పించుకోగల భూచర మొక్క దాదాపు లేదు. వరి వంటి సి3 మొక్కల్లో రూబిస్కో అనే ఎంజైము నేరుగా కార్బన్ డై ఆక్సైడ్‌ను పట్టుకుంటుంది. ఎండ, వేడి ఎక్కువైనప్పుడు అది పొరబడి ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. దానివల్ల జరిగే నష్టమే కాంతి శ్వాసక్రియ. చెరకు ఈ పనిని రెండు గదులుగా విడగొట్టింది. బయటి గదిలో, అంటే పత్రాంతర కణాల్లో, పెప్ కార్బాక్సిలేజ్ అనే వేరొక ఎంజైము కార్బన్ డై ఆక్సైడ్‌ను పట్టి నాలుగు కార్బన్‌ల ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం లోపలి గదికి, అంటే నాళికాపుంజం చుట్టూ ఉన్న తొడుగు కణాలకు చేరి, అక్కడ కార్బన్ డై ఆక్సైడ్‌ను వదులుతుంది. అది అక్కడ గుమిగూడి ఉండడంతో రూబిస్కో పొరబడదు. పత్రరంధ్రాన్ని కొద్దిగా తెరిచినా పని జరిగిపోతుంది. ఒక గ్రాము పొడిపదార్థం తయారుకావడానికి సి3 మొక్కలు సుమారు 500 గ్రాముల నీటిని బాష్పోత్సేకంలో పోగొట్టుకుంటే, సి4 మొక్కలకు దాదాపు అందులో సగం సరిపోతుంది.

అంటే చెరకు పొదుపు గ్రాముకు సంబంధించినది. అది తయారుచేసే గ్రాములే అపారం. మనిషి కంటే ఎత్తు పెరిగి, ఏడాది పొడుగునా పచ్చటి ఆకుతో నిలబడి, టన్నుల కొద్దీ కాండం తయారుచేస్తుంది. గ్రాముకు తక్కువ ఖర్చయినా మొత్తం పద్దు పెద్దదే. నీటిని సమర్థంగా వాడడం వేరు, నీరు లేకుండా బతకడం వేరు. చెరకు మొదటిది మాత్రమే చేయగలదు.

ఈ సి4 మార్గం సంగతి మొదట బయటపడింది కూడా చెరకులోనే. హవాయిలో చెరకు రైతుల సంఘానికి చెందిన పరిశోధనశాలలో కోర్ట్‌షాక్ బృందం దాన్ని గమనించి 1965లో ప్రకటించింది. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో, చక్కెర కంపెనీ ప్రయోగశాలలోనే పనిచేస్తున్న హాచ్, స్లాక్ 1966 నుంచి దాని అంచెలను విడమరిచారు. అందుకే దానికి హాచ్–స్లాక్ మార్గమని పేరు.

రాతి మీద

ఇక గుట్టకు పోదాం. నిజామాబాద్ పట్టణంలో ఉన్నవారికి దగ్గరిది ఖిల్లా గుట్ట. దాశరథి కృష్ణమాచార్య నిజాం కాలంలో బందీగా ఉన్న జైలు ఇదే. పైన రఘునాథాలయం ఉంది. హైదరాబాద్ దారిలో డిచ్‌పల్లి రామాలయం ఉన్న గుట్ట కూడా మంచిదే. చిన్నపిల్లలుంటే బోధన్ దారికి దగ్గరలోని అలీసాగర్ సులువు, కింద జలాశయం, పైన రాతిగుట్ట. నన్నడిగితే ఆర్మూర్‌లోని నవనాథ సిద్ధులగుట్టకు మించింది లేదు. ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న నల్లని బండల మధ్య నిలబడితే ఇది నిజంగా పసుపు పండే ప్రాంతమేనా అనిపిస్తుంది.

బండను ముట్టుకుని చూడండి. పొద్దున చల్లగా ఉన్న రాయి పదింటికల్లా చేయి పెట్టనివ్వదు. ఉష్ణమాపకం ఉంటే గంటకొకసారి కొలిచి పట్టిక వేయండి. రాతి మీద వాననీరు జారిన దారుల్లో నల్లటి చారలు కనిపిస్తాయి. చాలామంది మసి అనుకుంటారు. ఇలాంటి చారలు ఎక్కువగా నీలి ఆకుపచ్చ శైవలాలు, లైకెన్‌లు. వాన పడితే జీవం పోసుకుంటాయి, ఎండలో ఎండిపోయి నెలల తరబడి ఆగి ఉంటాయి. మట్టి అనేది లేని చోట మొదట కాపురం పెట్టేవి ఇవే.

ఇప్పుడు బండల మధ్య పగులు చూడండి. సీతాఫలం చెట్టు అక్కడే ఉంటుంది. వంద చదరపు మీటర్ల బండ మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 2,000 లీటర్ల నీరు. ఆ నీరంతా రెండు చదరపు మీటర్ల పగులులోకి పారిందనుకోండి. ఆ చిన్న చోటుకు మీటరు లోతు నీరు వచ్చినట్టు. చాలావరకు పొర్లిపోతుంది గాని పగులు మాత్రం లోతుగా తడుస్తుంది. పైన బండ కప్పి ఉండడంతో ఆ తడి త్వరగా ఆరదు. అంటే బండ తన వీపు మీద ఎడారినీ, తన సందులో ఒయాసిస్సునూ ఒకేసారి తయారుచేస్తోంది. గుట్ట మీది మొక్కల జాబితా రాసేటప్పుడు, ప్రతి పేరు పక్కన అది బండ పైనుందా, పలుచటి మట్టి మీదుందా, పగులులో ఉందా అనేది తప్పక రాయండి. ఈ సమాచారం లేని జాబితా దాదాపు పనికిరాదు.

సీతాఫలం మన మొక్క కాదు, అమెరికా ఉష్ణప్రాంతం నుంచి వచ్చింది. దాని ఆకును మేకలు ముట్టవు. మేకలు తిరిగే ప్రతి గుట్ట మీదా అదే మిగలడానికి ఇదొక కారణం. ఎండాకాలం ముందు ఆకంతా రాల్చి, వానల తరువాత కాయలిస్తుంది. ఆకు రాల్చడం కూడా నీటిని కాపాడుకునే ఉపాయమే. ఫిబ్రవరి, మార్చిలో పోతే కొన్ని గుట్టల మీద ఒక్క ఆకూ లేకుండా పసుపుపచ్చ పూలతో కొండగోగు, తెల్లటి బెరడుతో మెరిసే తపసి చెట్టు కనిపించవచ్చు. ఆకు మీద నీరు ఖర్చుపెట్టకుండా, దాచుకున్నదాంతో పూలు పూయడం వీటి పద్ధతి.

పలుచటి మట్టిలో వానాకాలంలో పల్లేరు పాకుతుంది. గింజ మొలిచి, పూసి, కాసి, వారాల్లో ముగించుకుని వెళ్లిపోయే అల్పకాలిక మొక్క ఇది. ఎండాకాలాన్ని విత్తనం రూపంలో, మన చెప్పుకు గుచ్చుకుని మరీ దాటేస్తుంది. నీటి ఎద్దడిని తట్టుకోవడం దీనికి రాదు, తప్పించుకోవడమే తెలుసు.

పగుళ్ల నీడలో చిన్న విసనకర్ర ఆకారంలో మయూరశిఖ అనే ఫెర్న్ కోసం వెతకండి. ఎండాకాలంలో చుట్టచుట్టుకుని, గోధుమరంగు పీచులా కనిపిస్తుంది. చచ్చిపోయిందనుకుంటాం. వాన పడితే అదే ఆకు మళ్లీ విప్పుకుని పచ్చబడుతుంది. కణాల్లో నీరు దాదాపు పోయినా చావని ఇలాంటి వాటిని పునరుజ్జీవన మొక్కలంటారు.

నీళ్లు దాచుకునేవి

కోశాల్లో నీరు నింపుకునే రసభరిత మొక్కల్లో ఈ ప్రాంతంలో సులువుగా దొరికేవి నాగజెముడు, త్రికోణాకారపు కాండంతో ఉండే బొమ్మజెముడు, నల్లేరు, కలబంద. కలబందలో నీరు ఆకులో ఉంటుంది, మిగతా మూడింటిలో కాండంలో ఉంటుంది. పిల్లిపీచర తీగను ఎవరైనా చూపిస్తే దానికి నీటి నిల్వ వేర్లలో అని గుర్తుంచుకోండి.

నాగజెముడులో మనకు పచ్చటి ఆకులా కనిపించే పలక నిజానికి కాండమే. దాన్ని పత్రాభకాండం అంటారు. అసలు ఆకులు లేత పలక మీద చిన్న కొమ్ముల్లా వచ్చి త్వరగానే రాలిపోతాయి. ముళ్లు ఆకుల రూపాంతరాలు. శాస్త్రీయనామం ఒపన్షియా. బొమ్మజెముడు యుఫోర్బియా ఆంటికోరమ్. అందులోనూ ఆకులు త్వరగా రాలతాయి, కాండం పచ్చగా ఉంటుంది, ముళ్లుంటాయి. రెండూ దగ్గరి చుట్టాలనిపిస్తుంది. కాదు. జెముడు కొమ్మ విరిగితే పాలు కారతాయి, ఒపన్షియా విరిగితే పాలు రావు, జిగట మాత్రం ఉంటుంది. మొదటిది ఆముదం కుటుంబానికి చెందినది, రెండోది అమెరికా ఖండాల నుంచి వచ్చిన కాక్టస్. వేర్వేరు వంశాలు ఒకే రకమైన కరువుకు ఒకే రకమైన జవాబు చెప్పడాన్ని అభిసారి పరిణామం అంటారు. దీనికి ఇంతకంటే మంచి ఉదాహరణ గుట్ట మీద దొరకదు.

నాగజెముడు మన దగ్గరికి వచ్చిన కథ కొంచెం నవ్వు తెప్పిస్తుంది. ఈ మొక్క మీద పెరిగే కొచినీల్ పురుగు నుంచి ఎర్రరంగు తీయాలని ఈస్టిండియా కంపెనీ ఆశపడింది. 1795లో తెప్పించిన పురుగు అసలు పురుగు కాదు, దాని తమ్ముడి వంటిది. రంగు సరిగా రాలేదు గాని ఒక జాతి నాగజెముడును తిని చాలాచోట్ల తుడిచిపెట్టింది. కలుపుగా మారిన మరో జాతిని అదుపు చేయడానికి 1926లో శ్రీలంక నుంచి ఇంకో కొచినీల్ జాతిని తెచ్చి వదిలారు. ఒక కీటకంతో కలుపును అదుపుచేసిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. మీరు చూసే నాగజెముడు పలక మీద తెల్లటి దూదిపింజల్లాంటివి ఉంటే పుల్లతో నొక్కండి. ఎర్రగా వస్తే ఆ కంపెనీ కాలపు కథకు వారసులే.

నల్లేరు సంగతి ఇంట్లో పెద్దలకు బాగా తెలుసు. లేత కాడలు కోసి చింతపండుతో పచ్చడి చేస్తారు. కోసిన చేతికి దురద పెట్టడానికి కారణం అందులోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు.

రాత్రి తెరుచుకునే ద్వారాలు

ఇప్పుడు చెరకు దగ్గర ఎందుకు ఆగామో చెప్పుకుందాం. నాగజెముడు కూడా పెప్ కార్బాక్సిలేజ్‌నే వాడుతుంది, నాలుగు కార్బన్‌ల ఆమ్లాన్నే తయారుచేస్తుంది. చెరకు పనిని రెండు గదుల మధ్య పంచితే, ఇది రెండు పూటల మధ్య పంచింది. చల్లటి రాత్రివేళ పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డై ఆక్సైడ్‌ను పట్టి మాలిక్ ఆమ్లంగా రిక్తికల్లో నింపుకుంటుంది. పగలు రంధ్రాలు మూసుకుని, ఆ ఆమ్లం నుంచి కార్బన్ డై ఆక్సైడ్‌ను విడిపించి, ఎండను వాడుకుని చక్కెర తయారుచేస్తుంది. దీన్ని క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ అంటారు, పొట్టిగా కామ్. ఒక గ్రాముకు 50 నుంచి 100 గ్రాముల నీరు చాలు. మరి అందరూ ఇలా చేయరెందుకు? రాత్రి ఎంత ఆమ్లం దాచుకోగలిగితే పగలు అంతే పని. అందుకే పెరుగుదల నెమ్మది. చెరకులా ఏడాదిలో మనిషిని మించి పెరగడం దీని వల్ల కాదు.

ఈ సంగతిని తొలుత గమనించినవారిలో తెలుగునేలతో సంబంధమున్న వ్యక్తి ఒకరున్నారు. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోట బాధ్యత చూసిన బెంజమిన్ హేన్, రణపాల ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నం చప్పగా, సాయంత్రానికి కొంచెం చేదుగా ఉంటుందని 1813లో లండన్‌కు ఉత్తరం రాశాడు. లిన్నేయన్ సొసైటీ దాన్ని 1815లో ప్రచురించింది. ఎందుకలా అవుతుందో ఆయనకు పూర్తిగా తెలియదు. తెలియడానికి మరో వందేళ్లకు పైగా పట్టింది.

మీరు నాలుకకు బదులు పి.హెచ్. కాగితం వాడండి. కుండీలోని రణపాల మొక్క నుంచి తెల్లవారుజామున, సూర్యోదయానికి ముందు ఒక ఆకు, సాయంత్రం నాలుగింటికి అంతే పరిమాణంలో ఇంకో ఆకు కోయండి. ఒక్కోదాన్ని రెండు చెంచాల నీటితో నూరి కాగితం ముంచండి. పోల్చడానికి మందార ఆకుతో కూడా అలాగే చేయండి. ఈ పోలిక లేకపోతే మీ ప్రయోగం సగమే అయినట్టు.

పుస్తకానికి ఒదగని జిల్లేడు

అన్ని మొక్కలూ నీరు దాచుకోవు. రేగు, చండ్ర, తుమ్మ వంటి రసభరితం కాని మొక్కలు చిన్న ఆకులతో, ముళ్లతో, లోతైన వేర్లతో నెట్టుకొస్తాయి. రేగు ఆకు అడుగున తెల్లటి కేశాలు భూతద్దంలో చూడండి. గన్నేరు ఆకు అడుగున పత్రరంధ్రాలు గుంటల్లోకి దిగబడి, వాటి నోట కేశాలు అడ్డంగా ఉంటాయి. అధ్యయన కేంద్రంలో అడ్డుకోత స్లైడు చూపిస్తే, జాతీయ రహదారి మధ్యలో పూసి ఉన్న గన్నేరును గుర్తు చేసుకోండి. లారీల వేడిగాలి మధ్య దాన్ని నాటడానికి కారణం ఆ స్లైడులోనే ఉంది.

జిల్లేడు మాత్రం పుస్తకాన్ని కాస్త ధిక్కరిస్తుంది. ఎడారి మొక్కలకు చిన్న ఆకులుంటాయని రాసుకున్నాం, దీనికేమో అరచేయంత ఆకు. మైనపు పూత, బూడిద పూసినట్టుండే కేశాలు, లోతుకు పోయే వేరు, ఈ మూడూ ఆ పెద్ద ఆకును మోస్తున్నాయి. ఏ ఒక్క లక్షణమూ ఎడారి మొక్కకు తప్పనిసరి కాదని దీనివల్ల తెలుస్తుంది.

జమ్మి

దిగి వచ్చేటప్పుడు ఊరి చివర జమ్మి చెట్టు దగ్గర ఆగండి. దసరా నాడు ఆకును బంగారమని ఇచ్చిపుచ్చుకునే చెట్టు, తెలంగాణ రాష్ట్ర వృక్షం. ఇదే చెట్టు ఖేజ్‌డీ పేరుతో రాజస్థాన్ రాష్ట్ర వృక్షం. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీలో ఈ చెట్లను నరకనివ్వకుండా 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. గాఫ్ పేరుతో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2008లో దీన్నే జాతీయ వృక్షంగా ప్రకటించింది.

ఆర్మూర్, నిజామాబాద్ చుట్టుపక్కల గల్ఫ్‌కు మనిషి వెళ్లని ఊరు అరుదు. మీ ఇంట్లో దుబాయి నుంచి తిరిగివచ్చిన బాబాయో, అన్నో ఉంటే, ఆయనే మీకు అసలైన ఎడారి అధ్యాపకుడు. అక్కడ ఇసుకలో ఒంటరిగా పచ్చగా నిలబడ్డ చెట్టు చూశావా అని అడగండి. ఈ జమ్మి ఆకును చూపించి పోల్చమనండి. ఇంతకాలం పనిచేసిన దేశంలోని చెట్టూ, ఊళ్లో మొక్కిన చెట్టూ ఒకటేనని చాలామందికి తెలియదు. ముప్పై మీటర్ల లోతు దాకా వేరు పంపగలదు కనుక ఎండ ముదిరే రోజుల్లోనే ఇది కొత్త ఆకు వేస్తుంది. నీటి ఎద్దడిని ఇది పొదుపుతో ఎదుర్కోవడం లేదు, దూరం పోయి నీళ్లు తెచ్చుకుంటోంది.

దీని బంధువు సర్కారు తుమ్మతో పొరబడకండి. అమెరికా నుంచి వచ్చిన ఆ చెట్టును 1870ల చివర్లో కడప ప్రాంతంలో నాటారు. ఇప్పుడు చెరువు శిఖాలన్నీ దానివే.

వంటింట్లో ఒక మొక్క

ఇంటికి చేరాక ఇంకో పరిశీలన మిగిలి ఉంది. వానాకాలంలో మార్కెట్లో కట్టలుగా అమ్మే గంగవాయిలి కూర మీరు పప్పులో వేసుకునేదే. ఎర్రటి కాడ, మందపాటి చిన్న ఆకులు, కొంచెం పులుపు. శాస్త్రీయనామం పోర్టులాకా ఒలరేసియా. నీళ్లున్నప్పుడు ఇది చెరకులాగా సి4 పద్ధతిలో బతుకుతుంది. నీళ్లు తగ్గితే నాగజెముడులాగా రాత్రి ఆమ్లం దాచుకునే కామ్ పద్ధతిని కూడా అందుకుంటుంది. ఈ రెండు పద్ధతులూ ఒకే కణాల్లో కలిసి నడుస్తాయని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ప్రచురించారు. బోధన్ మడినీ, సిద్ధులగుట్టనూ ఒకే ఆకులో పెట్టుకున్న మొక్క ఇది.

రెండు కుండీల్లో దీని కాడలు నాటండి. రెంటికీ రోజూ నీళ్లు పోసి, వేళ్లూనుకున్నాక ఒకదానికి నీళ్లు ఆపండి. కుండీ వానకు తడవని చోట, ఎండ తగిలేలా ఉండాలి. వారం గడిచాక మొదలుపెట్టి, మూడు వారాల దాకా, రెండు రోజులకొకసారి రెండు కుండీల ఆకులనూ తెల్లవారుజామున, సాయంత్రం నూరి పి.హెచ్. చూడండి. తేదీ, వేళ, మట్టి పొడిగా ఉందా తడిగా ఉందా అనేవి అంకె పక్కనే రాయండి. ఎండబెట్టిన కుండీలో పొద్దుటి అంకెకు, సాయంత్రపు అంకెకు మధ్య ఎడం పెరుగుతూ వస్తే, ఏ రోజు నుంచి పెరిగిందో ఆ తేదీ చుట్టూ ఎర్రసిరాతో గీత గీయండి. పెరగకపోతే వచ్చిన అంకెలనే ఉన్నవి ఉన్నట్టు రికార్డులో రాసి, అధ్యయన కేంద్రంలో మీ కౌన్సిలర్‌కు చూపించండి.